కాయితానికి కాయితం

8 అక్టోబర్ 2025, నకిరేకల్

రిటైరయ్యాక పొద్దుటిపూట బస్టాండు దగ్గర మా అల్లుడి జిరాక్స్ షాపులో కూర్చుంటున్నా. ఈపాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలం. ఈ రోజు వచ్చిన పిల్లవాడికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనక ఉంది. తండ్రి ఒక కార్డులో యాదయ్య, ఇంకోదాంట్లో యాదగిరి. "ఇద్దరూ మా నాయినే సార్" అన్నాడు. మనిషికి తెలుస్తుంది, కంప్యూటర్‌కు ఎవరు చెప్పాలి?

11 అక్టోబర్

పల్లెల్లో బీసీ పిల్లలకు ఆదాయ పరిమితి లక్షన్నర. రోజుకు అయిదు వందల చొప్పున 300 రోజులు కూలికి పోతే ఒక్క మనిషికే లక్షన్నర అవుతుంది. ఆలుమగలు ఇద్దరూ పోతే? అందుకే ఏ సర్టిఫికెట్ చూసినా ఆదాయం ఆ గీతకు కిందే ఆగుతుంది. రాసేవాళ్లకూ తెలుసు, చదివేవాళ్లకూ తెలుసు. ఈ ఒక్క అబద్ధం మీద నాకు కోపం లేదు.

14 అక్టోబర్

కాకిపడగల వాళ్ల అమ్మాయి వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం. వీళ్లు ముదిరాజులకు కథ చెప్పే ఆశ్రిత కులం. కుల సర్టిఫికెట్ లేదు. ఇంట్లో ఎవరికీ లేదు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"కథ అయినన్నొద్దులు ఆ ఊరోళ్లమే సార్."

నవ్వుతూ అన్నది. నేను నవ్వలేకపోయాను. తాత పేరున పట్టా లేదు, ఇంటిపన్ను రసీదు లేదు. బడి రిజిస్టర్‌లో ఎవరో 'ముదిరాజ్' అని రాసి పెట్టారు. ఎవరి వాకిట్లో కథ చెప్తే వాళ్ల కులమే అనుకున్నారు కాబోలు.

15 అక్టోబర్

రాత్రి ఆ సంగతే తిరిగింది మనసులో. 2020 సెప్టెంబర్ దాకా కాకిపడగల అన్న పేరు తెలంగాణ బీసీ జాబితాలోనే లేదు. ఆ నెలలో 17 కులాలను చేర్చారు: పటంవారు, అద్దపువారు, తెరచీరల, ఇట్లాంటివి. సరిగ్గా అదే నెలలో వీఆర్వోల వ్యవస్థ రద్దయింది. ఊరిలో ఎవరు ఎవరో నోటికి చెప్పగలిగిన ఉద్యోగి పోయాడు, అప్పుడే వీళ్ల పేరు కాగితం మీదికి వచ్చింది. ఈ సెప్టెంబర్‌లో గ్రామ పాలన అధికారులని మళ్లీ వేశారు.

19 అక్టోబర్

డల్లాస్ నుంచి మేనకోడలు ఫోన్. ఈ అమ్మాయి సంగతి చెబితే, అక్కడి సంగతి చెప్పింది. పత్రాలు లేకుండా పెరిగిన పిల్లలకు అమెరికాలో ఫెడరల్ సాయం రాదు. 1982 సుప్రీంకోర్టు తీర్పు వల్ల బడి చదువు మాత్రం ఎవరూ ఆపలేరు. ఆ కేసు కూడా టెక్సస్‌దే. అదే టెక్సస్ 2001లో, దేశంలో అన్నిటికంటే ముందు, ఇట్లాంటి పిల్లలకూ కాలేజీలో రాష్ట్రం వాళ్లు కట్టే తక్కువ ఫీజే పెట్టింది. మొన్న జూన్‌లో కోర్టు ఉత్తర్వుతో అది పోయింది. "దరఖాస్తులో పేరు రాయాలంటేనే భయపడుతున్నరు మామయ్యా" అంది. ఇక్కడేమో ఆ పేరు ఎక్కించుకోవడానికే మా షాపు ముందు లైను.

20 అక్టోబర్

దీపావళి. షాపు మూత. పాత ఫైలు సర్దుతుంటే 2014 నాటి పేపరు కత్తిరింపు దొరికింది: 'ఫాస్ట్' పథకం. 1956 నవంబర్ 1కి ముందు నుంచి కుటుంబం తెలంగాణలో ఉన్నట్టు చూపిస్తేనే ఫీజు సాయం అన్నారు. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లను ఆపడానికి వేసిన గీత అది. కానీ 1956 నాటి కాగితం నకిరేకల్ మాదిగవాడలో ఎవరి ట్రంకుపెట్టెలో ఉంటుంది? పట్టాదారు ఇంట్లో ఉంటుంది. హైకోర్టు తప్పుపట్టింది, 2015లో వెనక్కి తీసుకున్నారు. గీత పోయింది గాని అడిగే అలవాటు పోలేదు.

24 అక్టోబర్

అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లవాడు. పదేళ్లలోపే తల్లిదండ్రులు పోయిన దిక్కులేని పిల్లలకు బీసీ-ఏలో చోటుంది. మంచిదే. దానికి ఇద్దరి మరణ పత్రాలూ కావాలన్నారట. చావును 21 రోజుల్లో నమోదు చేయించాలని 1969 చట్టం. ఆ 21 రోజులూ ముసలమ్మ ఏం చేస్తూ ఉన్నదో అడగబుద్ధి కాలేదు. ఏడాది దాటితే పెద్దాఫీసు ఉత్తర్వు కావాలి.

30 అక్టోబర్

తుఫాను వాన. పత్తి తడిసింది. షాపుకు ఎవరూ రాలేదు.

3 నవంబర్

ఫీజు బకాయిల కోసం ప్రైవేటు కాలేజీల బంద్ మొదలైంది. కాలేజీకి సర్కారు బాకీ, బాకీ తీరేదాకా సర్టిఫికెట్లు కొన్నిచోట్ల బీరువాలో. కాయితాలన్నీ సంపాదించి చేరినవాడు కూడా చివరికి కాయితం లేకుండా మిగులుతున్నాడు.

6 నవంబర్

కాకిపడగల అమ్మాయి కుల సర్టిఫికెట్ విచారణకు ముదిరాజ్ పెద్దమనుషులు ముగ్గురు వచ్చి సంతకాలు పెట్టారు. "మా తాతల కాలం నుంచి మాకు కథ చెప్పేటోళ్లు. మాకు తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది?" అని ఒకాయన కొంచెం గట్టిగానే అన్నాడు.

దరఖాస్తులో ఇంటి నంబరు గడి ఖాళీగా ఉంది. "ఏం కొట్టాలె మామా?" అని అల్లుడు నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే ఆ పెద్దమనిషి తన ఇంటి నంబరు చెప్పాడు.