బుట్టలున్నాయి... బాగోగులే లేవు!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండొద్దామని వెళ్లే అమ్మానాన్నలకు పొద్దున్నే పార్కులో నడక అలవాటు. ఆ నడకలో చాలామంది కంట పడే వింత వస్తువు ఒకటుంది. నిలువెత్తు ఇనుప స్తంభం. దాని నడుం దగ్గర వెడల్పాటి ఇనుప బుట్ట. పైనుంచి బుట్టలోకి వేలాడుతూ గొలుసులు. పక్షులకు గింజలు వేసేదా? బొగ్గులు రాజేసుకునే పొయ్యా? తలా ఓ మాట అంటారు. చెత్తబుట్ట అనుకుని అరటితొక్క పడేసేవారూ ఉంటారు!

ఇంతకీ అదేమిటంటే... ఓ ఆటలో చేరాల్సిన గమ్యం. ఆట పేరు డిస్క్ గోల్ఫ్.

గోల్ఫ్‌లో కర్రతో బంతిని కొట్టి గుంతలో వేస్తారు. ఇందులో కర్ర లేదు, బంతి లేదు. చేతిలో పళ్లెంలాంటి ప్లాస్టిక్ డిస్కు ఉంటుంది. నిర్ణీత స్థలంలో నిలబడి విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడికి నడిచి వెళ్లి మళ్లీ విసరాలి. అలా బుట్టలో పడేవరకూ! తక్కువ విసుర్లతో ముగించినవాడే గెలిచినట్టు. తొమ్మిది బుట్టలు, లేదంటే పద్దెనిమిది. అవన్నీ ఉన్న స్థలాన్ని కోర్సు అంటారు. చెట్ల మధ్య నుంచి, వాగు పక్క నుంచి, గుట్ట మీదుగా సాగిపోయే కోర్సులో ఆటకు ఆట, నడకకు నడక.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి... చాలా కోర్సుల్లో ప్రవేశం ఉచితం. ఒక్క డిస్కు కొనుక్కుంటే చాలు. పది నుంచి ఇరవై డాలర్లు. ఆ తరవాత ఏళ్ల తరబడి పైసా ఖర్చు లేకుండా ఆడుకోవచ్చు. అలాంటి ఆటకు చాలా చిన్న ఊళ్లలో పట్టిన గతి చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది.

వాదన తీర్చిన గొలుసులు

ఫ్రిస్బీ తయారుచేసే వామ్-ఓ కంపెనీలో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన పనిచేసేవాడు. డిస్కు గాలిలో ఊగిపోకుండా నిలకడగా ఎగిరేలా దాని ఆకారాన్ని మెరుగుపరిచి పేటెంట్ తీసుకున్నది ఆయనే. 1975లో కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్‌కు దగ్గర్లోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు ఏర్పాటుచేశాడు. అప్పట్లో బుట్టల్లేవు, ఉత్త స్తంభాలే. డిస్కు స్తంభాన్ని తాకిందా లేదా అన్నదే పెద్ద తగువు. ఆ తగువు తీర్చడానికే గొలుసుల బుట్ట పుట్టింది. దానికి 1977లో పేటెంట్ వచ్చింది. గొలుసులకు తగిలిన డిస్కు ఝల్లుమని చప్పుడు చేస్తూ బుట్టలో పడుతుంది. ఇక వాదన దేనికి?

1976లో వృత్తి క్రీడాకారుల సంఘాన్ని స్థాపించిందీ హెడ్రిక్కే. 2002లో ఆయన చనిపోయాక, కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు చేశారు. అంత ప్రేమ ఆయనకు ఈ ఆటంటే! ఇప్పుడు ప్రపంచంలో పదిహేను వేలకు పైగా కోర్సులున్నాయి. అందులో ఎక్కువ భాగం అమెరికాలోనే. 2020లో కొవిడ్ వచ్చి జిమ్‌లు, థియేటర్లు మూతపడినప్పుడు ఆరుబయట, దూరదూరంగా ఆడుకునే ఈ ఆట వైపు జనం వెల్లువలా వచ్చారు.

మరి అన్ని కోర్సులూ బాగున్నాయా అంటే... అక్కడే ఉంది చిక్కు.

ఒకటి చూస్తే పది చూసినట్టే

మధ్య అమెరికాలోని చిన్న ఊళ్లలో ఆదరణ తప్పిన కోర్సు ఒకదాన్ని చూస్తే పది చూసినట్టే. ఊరి పేరు మారుతుంది, లోపాలు మారవు.

మొదటి లోపం గుమ్మంలోనే ఎదురవుతుంది. కారు ఆపే చోట ఓ బోర్డు ఉంటుంది. దానిమీద కోర్సు పటం ఉండాలి. ఎండకు రంగు వెలిసి, వానకు ఉబ్బి, ఏ గీత ఎటు పోతోందో తెలియదు. కొన్నిచోట్ల బోర్డు చట్రం మాత్రమే మిగులుతుంది. కొత్తగా వచ్చిన కుటుంబానికి మొదటి బుట్ట ఎక్కడుందో వెతుక్కోవడమే మొదటి ఆట!

తరవాత విసిరే స్థలం. దాన్ని టీ అంటారు. ఇక్కడ ఆటగాడు నాలుగడుగులు వేగంగా వేసి, నడుం తిప్పి విసురుతాడు. అందుకే నేల గట్టిగా, సమంగా ఉండాలి. అయిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు సిమెంటు పలక ఉంటే మేలు. డబ్బుల్లేక ఉత్త మట్టి వదిలేస్తే? వందల కాళ్లు తిరిగిన చోట గుంత పడుతుంది. వాన పడితే ఆ గుంతలో నీళ్లు. జారితే చీలమండ మెలిక పడినట్టే. సిమెంటు పోసినచోట కూడా పలక చుట్టూ మట్టి కొట్టుకుపోయి, అంచు మెట్టులా పైకి తేలుతుంది. విసిరిన ఊపులో ముందుకు పడే కాలు ఆ మెట్టు దిగితే చాలు, ఆట ముగిసినట్టే.

విసిరిన డిస్కు సంగతి చూద్దాం. మొదటి రెండు బుట్టలు కారు ఆపే చోటికి దగ్గర కాబట్టి అక్కడ గడ్డి కోస్తారు. లోపలికి వెళ్లేకొద్దీ గడ్డి మోకాలెత్తు. పదిహేను డాలర్ల డిస్కు అందులో పడిందంటే వెతకడానికి పావుగంట. ఆ గడ్డిలో గోమార్లలాంటి పురుగులు కాచుకుని ఉంటాయి. పాయిజన్ ఐవీ అనే మూడాకుల తీగ ఉంటుంది. ఒంటికి తగిలితే దద్దుర్లు, దురద. పిల్లలతో వచ్చినవాళ్లు మళ్లీ రమ్మన్నా రారు.

బుట్టల దగ్గరికొస్తే... కొన్ని వరదకు ఒరిగిపోయి ఉంటాయి. గొలుసులు తుప్పుపట్టి, కొన్ని తెగి, మధ్యలో సందులు. సరిగ్గా గురిచూసి విసిరిన డిస్కు కూడా ఆ సందులోంచి అవతలికి పోతుంది. గురి తప్పితే ఆటగాడి తప్పు. గురి తప్పకపోయినా బయటపడితే ఎవరి తప్పు?

సరే, బుట్టలో పడింది. తరవాతి టీ ఎటు? సమాధానం చెప్పే బాణం గుర్తు ఉండదు. కాలిబాటను నమ్ముకుని వెళితే అది వాగు దగ్గర ఆగిపోతుంది. మూడో బుట్ట తరవాత ఏడోదాని దగ్గర తేలిన కొత్తవాళ్లు అక్కడినుంచే ఇంటిదారి పడతారు.

ఇవన్నీ ఇబ్బందులు. ప్రమాదం ఇంకోటుంది. ఉన్న కాస్త స్థలంలో బుట్టలు ఇరికించడంతో డిస్కు ఎగిరే దారి, నడకదారి ఒకదాన్నొకటి దాటుకుంటాయి. కొన్నిచోట్ల పిల్లల ఉయ్యాలల పక్కనుంచే పోతుంది. దూరం వెళ్లడానికి చేసిన డిస్కుల అంచు పలచగా, గట్టిగా ఉంటుంది. నూటయాభై గ్రాములకు మించిన బరువుతో దూసుకొచ్చే ఆ అంచు తలకు తగిలితే గాయం ఖాయం. ఉయ్యాల ఊగే పసివాడికి అదేం తెలుస్తుంది?

పాతిన రోజే పండగ

ఎందుకిలా? అసలు కారణం విచిత్రమైనది. ఈ ఆటస్థలం కట్టడం మరీ చవక! మామూలు గోల్ఫ్ మైదానానికి వంద ఎకరాలకు పైగా పచ్చిక కావాలి. రోజూ నీళ్లు, మందులు, మనుషులు కావాలి. డిస్క్ గోల్ఫ్‌కు ఉన్న చెట్లే చాలు. ఒక్కో బుట్టకు కొన్ని వందల డాలర్లు. స్కౌట్ కుర్రాళ్లు సేవా కార్యక్రమంగా గుంతలు తవ్విపెడతారు. ఊళ్లో బ్యాంకు, టైర్ల దుకాణం తలా ఓ బుట్టకు చందా ఇస్తాయి. టీ దగ్గర వాటి పేర్లతో పలకలు పెడతారు. ప్రారంభోత్సవం రోజు ఫొటోలు... చప్పట్లు!

ఆ మర్నాటి నుంచి ఎవరు చూస్తారు? టికెట్టు లేదు కాబట్టి ఆదాయం లేదు. ఆదాయం లేదు కాబట్టి బడ్జెట్‌లో పేరు లేదు. చిన్న ఊరి పార్కుల శాఖలో పనివాళ్లే కొద్దిమంది. వాళ్లకు బేస్‌బాల్ మైదానం ఉంది, ఈతకొలను ఉంది. డిస్క్ గోల్ఫ్ వంతు వచ్చేసరికి వేసవి అయిపోతుంది. మొదట్లో ఉత్సాహంగా తిరిగిన ఒకరిద్దరు ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లిపోతే ఇక అడిగే నాథుడుండడు. చందా ఇచ్చిన దుకాణం మూతపడినా పలక మీద దాని పేరు మాత్రం వేలాడుతూనే ఉంటుంది.

స్థలమూ అంతే. ఇళ్లు కట్టడానికి పనికిరాని వాగు ఒడ్డును ఈ ఆటకు ఇస్తారు. ఏటా వరద వస్తుంది, మట్టి మేట వేస్తుంది. చెట్ల కష్టాలు వేరే. డిస్కుల దెబ్బలకు బెరడు ఊడుతుంది. తొక్కుడుకు నేల గట్టిపడి వేళ్లు బయటపడతాయి. వీటికి తోడు ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు. 2002లో మిషిగన్‌లో బయటపడింది మొదలు కోట్లాది యాష్ చెట్లను ఎండబెట్టింది. చెట్లే ఈ ఆటకు అడ్డుగోడలు, గొడుగులు. అవి పోతే మిగిలేది ఎండ, ఎండుకొమ్మ నెత్తిన పడుతుందేమోనన్న భయం.

నష్టం ఎవరికి?

డబ్బున్నవాడు క్లబ్బుకు పోతాడు. జిమ్‌కు కట్టగలిగినవాడు జిమ్‌కు పోతాడు. నష్టపోయేది... జేబులో డబ్బుల్లేని పిల్లాడు, పింఛను మీద బతికే పెద్దాయన, సాయంత్రం పిల్లలతో గంటసేపు గడపాలనుకునే కూలి కుటుంబం. మిస్సోరీలోని వారెన్స్‌బర్గ్, మేరీవిల్ లాంటి చిన్న యూనివర్సిటీ ఊళ్ల పేర్లు ఇప్పుడు మన ఇళ్లలోనూ వినిపిస్తున్నాయి. అలాంటి చోట్ల చదువుకుంటూ ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకునే మన కుర్రాళ్లకు ఒక్క డిస్కుతో ఏడాదంతా ఆడుకునే ఆటస్థలం ఎంత వరం!

పాడుబడ్డ చోటికి జనం రారు. జనం రాని చోటికి సీసాలు, గొడవలు వస్తాయి. అప్పుడు ఎవరో ఒకరు ‘దీనివల్ల ఉపయోగం ఏముంది, బుట్టలు పీకేద్దాం’ అంటారు. ఆలనా పాలనా లేక చచ్చిన ఆటను ఆదరణ లేక చచ్చిందని రాసేస్తారు.

ఎంపోరియా చెప్పే పాఠం

అన్ని ఊళ్లూ అంతేనా? కాన్సస్ రాష్ట్రంలో ఫ్లింట్ హిల్స్ గడ్డిమైదానాల అంచున ఎంపోరియా ఉంది. జనాభా పాతికవేల లోపే. ఆ ఊరి పత్రికా సంపాదకుడు విలియం అలెన్ వైట్ కూతురు మేరీ 1921లో గుర్రపు స్వారీ చేస్తూ కొమ్మ తగిలి, పదహారేళ్లకే కన్నుమూసింది. వైట్ కుటుంబం ఊరికి ఇచ్చిన స్థలమే పీటర్ పాన్ పార్కు. ఎన్నటికీ పెద్దవాడు కాని పిల్లవాడి పేరు! ఆ పార్కులోనూ డిస్క్ గోల్ఫ్ బుట్టలున్నాయి.

2005లో ఇదే ఊళ్లో డైనమిక్ డిస్క్స్ అనే కంపెనీ మొదలైంది. గ్లాస్ బ్లోన్ ఓపెన్ అనే పోటీకి వందల్లో ఆటగాళ్లు రావడం మొదలైంది. వచ్చినవాళ్లు హోటళ్లలో దిగారు, భోజనాలు చేశారు. కోర్సులు బాగుంటే ఊరికీ నాలుగు రాళ్లు వస్తాయని అందరికీ అర్థమైంది. 2016లో ఒకసారి, 2022లో మరోసారి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు ఎంపోరియాలోనే జరిగాయి. మహా నగరాలను కాదని ఆ చిన్న ఊరికి!

ప్రతి ఊరికీ కంపెనీ రాదు, ప్రపంచ పోటీలూ రావు. రానక్కర్లేదు కూడా. కరెంటు తీగల కింద నరికిన కొమ్మల్ని పొట్టు చేసి టీ చుట్టూ, చెట్ల మొదళ్లలో పోస్తే బురద తగ్గుతుంది, వేళ్లు బతుకుతాయి. బుట్టమీద ఓ బాణం గుర్తు పెడితే దారి తప్పరు. పిల్లల కోసం కాస్త దగ్గర్లో ఇంకో టీ గుర్తుపెడితే వాళ్లకూ ఉత్సాహం. ఉయ్యాలల వైపున్న ఒక్క బుట్టను పక్కకు జరిపితే ప్రమాదం తప్పుతుంది. వారానికోసారి ఆడే బృందాలు మనిషికో డాలరు పక్కన పెడితే తెగిన గొలుసులు మార్చొచ్చు. చాలాచోట్ల ఆటగాళ్లు చేస్తున్న పనే ఇది.

అయితే గడ్డి కోసే యంత్రం ఊరిది. దాన్ని మూడో బుట్ట దాటి పంపమని అడగాల్సింది కూడా ఆ ఊరివాళ్లే. బుట్ట పాతడం ఒక్కరోజు పని. గడ్డి కోయడం ప్రతివారం పని. ఫొటోలు మాత్రం మొదటిదానికే తీస్తారు!