ఝరాసంగం నీరు – గాజుతీగలో వెలుగు

సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదుకు చేరువలో, ఝరాసంగం అనే ఊరున్నది. 2016కు ముందు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. ఇక్కడి కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయం చాలా ప్రసిద్ధమైనది. కేతకి అంటే మొగలిపువ్వు. పూర్వం కుపేంద్రుడనే రాజు చర్మవ్యాధితో బాధపడుతూ ఇక్కడి సెలయేటిలో స్నానం చేసి స్వస్థుడయ్యాడని స్థలపురాణం చెబుతుంది. ఇక్కడి గుండానికి అమృతగుండమని పేరు. శివరాత్రికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా యాత్రికులు వస్తారు.

ఊరి పేరులోని "ఝర" అంటే పారే నీరు, సెలయేరు. పిల్లలూ, పారే నీటిలో ఒక వింత ఉన్నది. అది వెలుగును తన వెంట తీసుకుపోగలదు!

1841లో జెనీవాలో కొలడాన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ వింతను చూపించాడు. నీటితొట్టికి ఒక పక్క రంధ్రం చేసి, ఎదుటి పక్కనుంచి ఆ రంధ్రం మీదికి వెలుగును పంపాడు. వెలుగు తిన్నగా పోక, వంగి పడే నీటిధారతోపాటు తానూ వంగి కిందికి దిగింది. కారణమేమంటే, ధార అంచును లోపలినుంచి బాగా ఏటవాలుగా తాకిన వెలుగు బయటికి పోలేదు. అద్దం మీద పడినట్టు లోపలికే తిరిగి వస్తుంది. దీన్నే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. చీకటి గదిలో ఒక గాజుసీసా, ఒక టార్చిలైటు ఉంటే చాలు, పెద్దవాళ్ళ సాయంతో మీరూ ఈ ప్రయోగం చేయవచ్చు. పంపునీటి వంటి పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా అయితే రంధ్రం చేయటం తేలిక.

నీటికి బదులు గాజును వాడితే అదే ఆప్టికల్ ఫైబర్. ఇందులో వెలుగు నడిచే నడిమి భాగం మిల్లీమీటరులో వెయ్యింట తొమ్మిది వంతులే. దాని చుట్టూ మరో రకం గాజుపొర ఉంటుంది. అంతా కలిపినా మిల్లీమీటరులో ఎనిమిదో వంతు! స్వచ్ఛమైన గాజు దొరికితే దీని ద్వారా వార్తలు దూరాలకు పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో చెప్పాడు. 2009లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నేటి గాజుతీగలో 15 కిలోమీటర్లు పోయినా సగం వెలుగు మిగులుతుంది.

అయితే ఈ తీగను గట్టిగా వంచితే వెలుగు కారిపోతుంది. ఎందుకు?

వెనక కళ్ళంలో గుంజ చుట్టూ ఎడ్లను ఒకే వరుసగా కట్టి తిప్పేవారు. గుంజ పక్కనున్న ఎద్దు నింపాదిగా నడిచినా చాలు. వరుస చెదరకుండా ఉండాలంటే చివరి ఎద్దు మాత్రం పరుగెత్తాలి. తీగలోని వెలుగూ అంతే. అందులో కొంత, నడిమి భాగం దాటి, చుట్టూ ఉన్న పొరలోకి పరుచుకుని నడుస్తుంది. వంపు దగ్గర, బయటి అంచున ఉన్న వెలుగు వరుస తప్పకుండా ఉండాలంటే ఇంకా వేగంగా పోవాలి. కాని ఆ గాజులో వెలుగు వేగానికి ఒక హద్దున్నది. హద్దు దాటలేని భాగం వరుస విడిచి బయటికి పోతుంది. దీనినే వికిరణ నష్టం అంటారు.

వంపు పెద్దదైతే ఈ నష్టం లెక్కలోకి రాదు. వంపు ముడుచుకున్న కొద్దీ అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. మామూలు తీగను అరచేయంత చుట్టగా చుట్టినా ఫరవాలేదు. పెన్సిలుకు చుడితే మాత్రం చాలా వెలుగు పోతుంది. ఈ నష్టాన్నీ పనివారు ఉపయోగించుకుంటారు. తీగను ఒకచోట కొద్దిగా వంచి, కారిన వెలుగును పరికరంతో పట్టి, అందులో వార్త నడుస్తున్నదో లేదో తెలుసుకుంటారు.

తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే టీ-ఫైబర్ గాజుతీగలకూ దారి చేశారు. అంటే నీరూ వెలుగూ ఒకే దారిన ఊళ్ళకు పోతాయన్నమాట. ఎన్నో కిలోమీటర్లు క్షేమంగా వచ్చిన పాఠం మీ తలుపుసందులో మడతపడ్డ తీగ దగ్గర ఆగిపోవచ్చు. కాబట్టి తీగను మడవకండి, మేకుకు బిగించి కట్టకండి. విరిగిన తీగ కొసలోకి ఎన్నడూ కన్ను పెట్టి చూడకండి. అందులోని వెలుగు కంటికి కనబడదు, కాని కంటికి హాని చేయగలదు.