క్రొత్త గిటారు, వదులు నట్టు

క్రొత్తగా కొన్న ఎలక్ట్రిక్ గిటారు సర్వాంగసుందరముగనే యున్నది గాని, మీటినప్పుడెల్ల ఆంప్లిఫయరునుండి వెలువడు నాదము నడుమ నడుమ తెగిపోవుచు, కేబులు కొసను వ్రేలితో కదల్చినంతనే చిటపటలాడి మరల పలుకుచుండుటచే, దోషము పికప్పులలో గాక, కేబులు దూర్చు జాకును బిగించియుంచు చిన్న నట్టునందే యున్నదని తేటతెల్లమైనది. పైనుండి నట్టునొక్కదానినే బిగింపబూనినచో లోపలి జాకు సైతము దానితోపాటు తిరిగి, సన్నని తీగలు మెలిపడి, టంకము ఊడిపోవును; కావున పలకను విప్పి, జాకును లోపల గట్టిగా పట్టుకొని, పిమ్మట స్పానరు త్రిప్పితిని.

భుజమున వ్రేలాడు పట్టీని తగిలించు బొడిపె కూడ ఊగులాడుచుండెను. దాని మర దిగు రంధ్రములో తల విరిచిన అగ్గిపుల్లను కలప జిగురుతో దిగగొట్టి, ఆరిన పిదప బిగింపగా నిలిచినది. శ్రుతి చేయునప్పుడు మెడ కొసనున్న గాడిలో తీగ చిక్కుకొని టిక్కుమనుట, పెన్సిలు ముల్లు రాచినంతనే మానినది.

ఇంత వెల గల వాద్యమునకు కర్మాగారమున ఒక్క నిమిషము స్పానరు పట్టు ఓపిక కరవగుట మాత్రము నాకు రుచింపలేదు. గిటారు కొనబోవు మిత్రులారా, దుకాణములోనే కేబులు తగిలించి, కదల్చి వినుడు.