దేవతల వాటా

మా అక్కకొడుకు కెంటకీ నించి వస్తూ మావారికో సీసా తెచ్చాడు. విస్కీయే కదా అని నేను మొహం చిట్లించాను.

"అలా అనేస్తే ఎలా పిన్నీ? ఇది బోర్బన్" అన్నాడు.

బోర్బన్ అంటే నాకు తెలిసింది బిస్కెట్టే! వాడు పాఠం మొదలెట్టాడు. అందులో వాడే ధాన్యంలో నూటికి 51 పాళ్లకి తగ్గకుండా మొక్కజొన్న వుండాలిట. లోపల బొగ్గయ్యేలా కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిలవ చెయ్యాలిట. 1964లో వాళ్ల కాంగ్రెసు, ఇది అమెరికా సొంత సరుకని తీర్మానమే చేసిందిట. 1920 నించి 1933 దాకా అక్కడ మద్యనిషేధం వున్నా, డాక్టరు చీటీ వుంటే మందుల షాపులో విస్కీ ఇచ్చేవారుట. మనవాళ్లు దాన్ని 'మందు' అనడం వూరికే కాదన్నమాట!

పీపాలో వున్న సరుకు ఏటా కాస్త ఆవిరై పోతుందిట. ఆ తరుగుని 'దేవతల వాటా' అంటారుట.

తరుగు అనగానే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

వాళ్లది కొల్లేటి వొడ్డున పల్లెటూరు. తాడేపల్లిగూడెం నించి సెలవలకి అక్కడికే వెళ్లేవాళ్లం. పెదనాన్నది చేపల బేరం. రాత్రి ఆయనిచ్చిన డబ్బు పెద్దమ్మ దీపం దగ్గర లెక్కపెట్టేది. రోజూ తక్కువే. "ఐసు కరిగి తూకం తగ్గిందే" అనేవాడాయన. ఏ ఐసు ఎక్కడ కరిగిందో వూరందరికీ తెలుసు.

మన చరిత్రా చిన్నది కాదు. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవ మీదే ఒక్క ఓటుతో పడిపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారాకొట్టు మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బందయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు.

చిత్రం, ఆ ఏడు పెదనాన్న ఐసు కరగడం మానేసింది! ఎప్పుడైనా పనుందంటూ యానాం వెళ్లొచ్చేవాడనుకోండి. అది పుదుచ్చేరి కిందది, మన చట్టం అక్కడ చెల్లదు. అయినా మిగిలిన డబ్బుతో పెద్దమ్మ కుట్టుమిషను కొనుక్కుంది. వీధిలో వాళ్లందర్నీ పిలిచి చూపించింది.

1997లో నిషేధం సడలించారు. ఐసు మళ్లీ కరగసాగింది. కొన్నేళ్లకి లివరు పాడై పెదనాన్న పోయాడు. పిల్లలిద్దర్నీ డిగ్రీ దాకా చదివించింది ఆ మిషనే.

నిషేధం పెట్టగానే లోకం బాగుపడుతుందని నేననను. యానాం ఎప్పుడూ ఎక్కడో చోట వుంటుంది. కాని ఆ రెండేళ్లూ మా పెద్దమ్మ పూర్తి తూకానికి డబ్బు లెక్కపెట్టుకుంది. అది మాత్రం నేను కళ్లారా చూశాను.

కథంతా విని మా అక్కకొడుకు సీసా కేసి చూశాడు. "తిరిగి పట్టుకుపోనా పిన్నీ?" అన్నాడు.

"వుండనియ్. మూత బిగించి వుంటే తరగదుగా" అన్నాను.

బీరువాలో పెట్టి తాళం వేశాను. మావారు రోజూ ఆ బీరువా కేసే చూస్తున్నారు. తాళంచెవి నా కొంగున వుంది.