ట్రాజెడియన్‌కు తెలుగేది?

విషాద నాటకం రాసేవాడినీ, అందులో నటించేవాడినీ ఇంగ్లిషు ఒకే మాటతో పిలుస్తుంది: ట్రాజెడియన్. గ్రీకులో ‘ట్రాగోస్’ అంటే మేక, ‘ఓడె’ అంటే పాట. మేకను బలిచ్చేటప్పుడు పాడేవారా, లేక మేకే బహుమతా అన్న వాదం పండితుల్లో ఇప్పటికీ తెగలేదు. ఆ మాట ఇద్దరికీ ఎలా చెల్లిందన్నది మాత్రం చిక్కుముడేమీ కాదు. తొలినాటి ఏథెన్స్‌లో ఈస్కిలస్ వంటి కవులు తమ నాటకాల్లో తామే వేషం కట్టేవారు.

తెలుగులోనూ అలాంటివారున్నారు. నాటకం శుభంగా ముగియాలన్న సంస్కృత సంప్రదాయాన్ని కాదని బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) ‘విషాద సారంగధర’ రాశారు. నటుడిగానూ పేరు పొందారు. ఆయనను ఆంధ్ర నాటక పితామహుడన్నారు. కానీ ‘విషాద నటుడు’ అంటే రచయిత జారిపోతాడు, ‘విషాద కవి’ అంటే నటుడు మిగలడు. పేరులోనే విషాదాన్ని నిలిపిన నాటకం తెలుగుకు దక్కింది. దాన్ని రాసి ఆడినవాడికి మాత్రం ఒక్క మాట దక్కలేదు.