ఓర్పును మెచ్చుకుంటే సరిపోతుందా?

ఒలౌడా ఇక్వియానో ఆత్మకథ 1789లో లండన్‌లో వెలువడింది. బాల్యంలోనే బానిసగా అమ్ముడుపోయి, చిల్లర వ్యాపారంలో పైసా పైసా కూడబెట్టి, 1766లో 40 పౌండ్లు చెల్లించి తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న మనిషి పుస్తకమది. తానే రాశానని ముఖపత్రం మీద ప్రత్యేకంగా చెప్పుకోవలసి వచ్చింది. బానిస కలం పడతాడంటే లోకం నమ్మని కాలం మరి. సరిగ్గా ఆ ఏడాదే ఈస్టిండియా కంపెనీ తరఫున ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అండమాన్‌లో తొలి స్థావరాన్ని నెలకొల్పాడు. మూడేళ్ళకు దాన్ని ఉత్తర అండమాన్ తూర్పు తీరానికి, నేటి డిగ్లీపూర్ సమీపంలోని రేవుకు తరలించి, పోర్ట్ కార్న్‌వాలిస్ అని పేరు పెట్టారు. రోగాల ధాటికి 1796లో ఎత్తివేశారు. చాకిరీ కోసం బెంగాల్ నుంచి తెచ్చిన ఖైదీలలో మిగిలిన సుమారు 270 మందిని పెనాంగ్‌కు తరలించారు. లండన్‌లో ఒక మాజీ బానిస పేరు పుస్తకమై నిలిచింది. డిగ్లీపూర్ రేవులో 270 మంది ఒక అంకెగా మిగిలారు.

ఆఫ్రికా బానిసల గాథలు తెలుగు పాఠకుడికి కొత్త కాదు. అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో అమెరికాలో వచ్చింది. సహవాసి దాన్ని 'ఏడు తరాలు'గా తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. కార్యకర్తల సంచుల్లో, విద్యార్థి వసతిగృహాల్లో, ఊరి గ్రంథాలయాల్లో ఆ పుస్తకం ఒక తరాన్ని వెంటాడింది. గాంబియాలోని జుఫూరే గ్రామంలో చిక్కి, సముద్రం దాటించబడి, యజమాని పెట్టిన 'టోబీ' అన్న పేరును మనసులో ఎన్నడూ అంగీకరించని కుంటా కింటే మన పల్లెల్లో పరాయివాడు కాలేదు. ఎలా అవుతాడు? మూల గ్రంథం వెలువడిన 1976లోనే మన పార్లమెంటు వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేసింది. దొర గడీలో తరతరాల చాకిరీ తెలిసిన నేలకు ఆ నవల పొరుగింటి కథలాగే వినిపించింది.

హేలీ పుస్తకానికి మచ్చ లేకపోలేదు. మరో రచయిత హెరాల్డ్ కోర్లాండర్ నవల నుంచి కొన్ని భాగాలు తీసుకున్నారన్న వ్యాజ్యం 1978లో రాజీతో ముగిసింది. ఇక్వియానో పుట్టింది ఆఫ్రికాలోనా, కరొలినాలోనా అన్నదానిమీదా పండితుల మధ్య వివాదం ఉంది. రాజకీయ పాఠకుడు ఈ వివాదాలకు భయపడనక్కరలేదు. దస్తావేజులన్నీ యజమాని దగ్గరే ఉన్నప్పుడు, బానిస వంశం తన చరిత్రను జ్ఞాపకాలతోనూ కొంత ఊహతోనూ పూరించుకోవలసి రావడం కూడా బానిసత్వం చేసిన గాయమే.

అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఈ పుస్తకాలను నేడు వ్యక్తిత్వ వికాస గ్రంథాల వరుసలో పెట్టి చదివించే అలవాటు బలపడుతోంది. 'ఎంత కష్టమొచ్చినా తట్టుకుని నిలిచాడు' అన్న ఒక్క వాక్యంలోకి మూడు శతాబ్దాల దోపిడీని కుదిస్తున్నారు. ఓర్పును ఆకాశానికెత్తితే ఓర్చుకోవలసిన స్థితిని కల్పించినవాడు కథలోంచి నెమ్మదిగా జారుకుంటాడు. 1845లో ఫ్రెడరిక్ డగ్లస్ రాసిన ఆత్మకథను ఈ దృష్టితో చదివితే దాని ప్రాణమే పోతుంది. డగ్లస్ యజమానుల పేర్లు రాశాడు, ఊళ్ళ పేర్లు రాశాడు. అప్పటికి చట్టం దృష్టిలో అతడింకా పారిపోయిన బానిసే. తన చిరునామా తానే బయటపెట్టుకున్నట్టయింది. పట్టుబడతానన్న భయంతో బ్రిటన్ వెళ్ళవలసి వచ్చింది. అక్కడి మిత్రులు 1846లో డబ్బు పోగుచేసి యజమానికి చెల్లిస్తే తప్ప స్వేచ్ఛాజీవిగా తిరిగి రాలేకపోయాడు. అది ఓర్పు గురించిన పుస్తకం కాదు, ముద్దాయిల పేర్లతో సహా దాఖలైన అభియోగపత్రం.

ఆఫ్రికా కష్టం తెలుగువాడి కష్టంతో కలిసిన చరిత్ర కూడా ఒకటుంది. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ రద్దు 1834లో అమలులోకి రాగానే చెరకు తోటలకు చవక చేతులు కావలసి వచ్చాయి. మన కోరంగి రేవు నుంచి కూలీలు మారిషస్‌కు ఓడలెక్కారు. ఆ దీవిలో తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరే స్థిరపడింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ ఒప్పంద కూలీలతో డర్బన్ చేరింది. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఒప్పందానికి గడువుంది, కూలీ ఉంది, వేలిముద్ర ఉంది. కాబట్టి దాన్ని బానిసత్వంతో సమానమనడం చరిత్రకు న్యాయం కాదు. అయితే ఇది కొత్త తరహా బానిసత్వమవుతుందేమోనని 1840లో బ్రిటిష్ మంత్రి లార్డ్ జాన్ రసెలే శంకించాడు. గడువు తీరినా నేటాల్ వదలని కూలీల మీద 1895 చట్టం ఏటా మూడు పౌండ్ల పన్ను వేసింది. 1913లో గాంధీ నాయకత్వంలో గనులూ తోటలూ స్తంభించాకే, మరుసటి ఏడాది అది రద్దయింది. ఆ పన్నును ఎత్తివేయించింది సమ్మె. కూలీల సహనాన్ని చూసి ఏ ప్రభుత్వమూ కరిగిపోలేదు.

ఈ గ్రంథాలను డిగ్లీపూర్‌లో కూర్చుని చదివే తెలుగువాడిని ఊహించుకోవచ్చు. శ్రీకాకుళం తీరం నుంచి దీవులకు చేరిన మత్స్యకార కుటుంబంలోని యువకుడు కావచ్చు, బదిలీ మీద వచ్చిన ఉద్యోగి కావచ్చు. ఎదురుగా సాడిల్ పీక్ శిఖరం, చుట్టూ తూర్పు బెంగాల్ శరణార్థులు 1950ల నుంచి సాగుచేసుకున్న వరిపొలాలు. పుస్తకంలోని ఆఫ్రికా నుంచి తలెత్తి చూస్తే, ఈ దారులు వేసినవారెవరు, ఈ అడవి కొట్టినవారెవరు అన్న ప్రశ్న రాకుండా ఉండదు.

జవాబులో ఒక భాగం రాంచీవాలాలు. 1918 నుంచి ఛోటానాగపూర్ ఆదివాసులను, అంటే ఉరావ్, ముండా, ఖరియా తెగలవారిని, రాంచీలోని కేథలిక్ లేబర్ బ్యూరో ద్వారా అండమాన్ అటవీ పనులకు తరలించారు. మహావృక్షాలను నరికింది, దుంగలను తీరానికి దొర్లించింది, దారులకు రాళ్ళు కొట్టింది ఎక్కువగా వారే. గడువు తీరాక చాలామంది వెనక్కి పోలేదు. అడవి అంచున గుడిసె వేసుకుని, కాస్త నేల చదును చేసుకున్నారు. ఆ నేలకు పట్టా లేనివారు నేటికీ అనేకులు. శరణార్థికి ప్రభుత్వం భూమి ఇచ్చింది. అదే ప్రభుత్వానికి అడవి కొట్టిపెట్టినవాడు ఆక్రమణదారుడయ్యాడు.

ఇంకో విచిత్రం వినండి. జార్ఖండ్‌లో ఉరావ్ షెడ్యూల్డ్ తెగ. సముద్రం దాటితే కాదు. అండమాన్ జాబితాలో ఉన్నవి గ్రేట్ అండమానీలు, జారవాలు, ఓంగేలు, సెంటినలీలు, నికోబారీలు, షోంపెన్లు మాత్రమే. రాంచీవాలాల గుర్తింపు డిమాండు ఏళ్ళుగా నలుగుతూనే ఉంది. వారు కష్టజీవులని, నోరెత్తరని మెచ్చుకునేవారికి మాత్రం కొదవ లేదు. పని తీసుకుని హక్కు ఇవ్వనివాడికి శ్రామికుడి సహనాన్ని పొగడటం కంటే చవకైన కూలీ ఏముంటుంది?

స్మరణలోనూ అంతరం కనిపిస్తుంది. ఖైదీల చెమటతోనే కట్టిన సెల్యులర్ జైలు 1979 నుంచి జాతీయ స్మారకం. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆ గౌరవం న్యాయమైనదే. కానీ రాజకీయ ఖైదీకి దక్కిన ఫలకం కట్టె కొట్టిన కూలీకి దక్కలేదు.

అందరికంటే ముందు ఈ నేల జెరు, బో, ఖోరా, చారీ భాషలు మాట్లాడిన గ్రేట్ అండమానీలది. బో భాష చివరి వక్త బోవా సీనియర్ 2010లో కన్నుమూసింది. బాధితుడు వచ్చి స్థిరపడినది మరో బాధితుడి నేల మీదేనన్న చేదు నిజాన్నీ ఆఫ్రికా చరిత్ర ముందే చెప్పింది. అమెరికా నుంచి విముక్తులై వెళ్ళినవారు 1847లో లైబీరియా రిపబ్లిక్‌ను ప్రకటించారు. ఆ వర్గం పాలనలోనే స్థానిక తెగలవారిని ఫెర్నాండో పో దీవికి బలవంతపు చాకిరీకి పంపిన సంగతి నానాజాతి సమితి విచారణలో బయటపడి, 1930లో అధ్యక్షుడు చార్లెస్ కింగ్ రాజీనామా చేశాడు. బాధ అనుభవించినంత మాత్రాన న్యాయబుద్ధి దానంతటదే రాదు. రాంచీవాలాలకు పట్టా అడిగే గొంతు గ్రేట్ అండమానీల మాటను మరచిపోకూడనిది అందుకే.

బానిస గాథలు చదవడంలో ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నకు మరో పుస్తకం దారి చూపుతుంది. 'ట్రూరో' డర్బన్ చేరిన 1860లోనే 'క్లొటిల్డా' ఓడ నేటి బెనిన్ ప్రాంతం నుంచి ఆఫ్రికన్లను దొంగచాటుగా అమెరికాలోని అలబామాకు చేర్చింది. వారిలో ఒకడైన కొసోలాను రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ 1927లో కలిసింది. ఆ తరువాతా ఓపికగా అతడి దగ్గర కూర్చుని, అతడి యాసలోనే కథ రాసుకుంది. యాస మారిస్తేనే వేస్తామన్న ప్రచురణకర్తకు ఆమె లొంగలేదు. 'బారకూన్' పేరుతో ఆ పుస్తకం అచ్చయ్యేసరికి 2018 వచ్చింది.

1918లో ఓడ దిగినవారు ఇప్పుడు లేరు. వారి మనవలు, మునిమనవలు డిగ్లీపూర్, మాయాబందర్ ప్రాంతాల్లో ఉన్నారు. తాతలు ఏ పడవలో వచ్చారో, ఏ కూలీకి వచ్చారో, ఏ అడవిలో ఎవరు చనిపోయారో చెప్పగలవారు ఇంకా మిగిలే ఉంటారు. 'ఏడు తరాలు' చదివి కన్నీరు పెట్టిన పాఠకుడు ఆ ఇళ్ళకు వెళ్ళి వినవచ్చు, విన్నది రాయవచ్చు. పట్టా ఎందుకు రాలేదని అధికారినీ, జాబితా ఎందుకు మారలేదని పార్లమెంటు సభ్యుడినీ అడగవచ్చు. ఇక్వియానో పుస్తకం రాసి ఊరుకోలేదు. దాన్ని చేతపట్టుకుని ఊరూరా తిరిగాడు, బానిస వ్యాపారాన్ని ఆపమని బ్రిటిష్ అధికారాన్ని నిలదీశాడు. ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో వచ్చింది. అప్పటికి అతడు చనిపోయి పదేళ్ళయింది.