కదలని ఓడకు అద్దె

క్రొత్తదానిని కట్టుటకు చందా అడుగుటకును, కట్టినదానిని కాపాడుటకు చందా అడుగుటకును ఎంత భేదమున్నదో మీలో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. పునాది వేయు దినమున చేతులు వాటంతట అవే ముందుకు వచ్చును. పేర్లు చెక్కిన రాయి యుండును, ఫలహారములుండును. పదియేండ్లు గడచిన తరువాత, వానలకు ముందు పెంకులు తిప్పించవలెనని చందా పుస్తకము పట్టుకొని యిల్లిల్లు తిరుగువానికి “మొన్ననే గదా ఇచ్చితిమి” అను మాట ఎదురగును. ఈ కష్టము మన ఊళ్లకు మాత్రమే కాదు, ధనవంతమైన దేశములకును కలదు. అమెరికాలో ఒక గొప్ప ఓడను నిలుపుకొనవలెనని కొందరు పదమూడేండ్లకు పైగా పడిన పాట్లు చదివినప్పటినుండి నా మనస్సు దానిమీదనే యున్నది. మీతో చెప్పుకొందునా?

ఆ ఓడ పేరు ‘యునైటెడ్ స్టేట్స్’. దేశము పేరునే దానికి పెట్టిరి. వర్జీనియా రాష్ట్రమందలి న్యూపోర్ట్ న్యూస్ అను రేవుపట్టణములో దానిని కట్టిరి. పొడవు 990 అడుగులు. మీ ఊరి పెద్దవీధి ఈ కొసనుండి ఆ కొసవరకు కొలిచినను అంత యుండునో యుండదో! కట్టుటకు సుమారు 7 కోట్ల 80 లక్షల డాలర్లు ఖర్చు కాగా, అందులో హెచ్చుభాగము ప్రభుత్వమే భరించెను. యుద్ధము వచ్చినచో ప్రయాణికుల ఓడను సైనికుల ఓడగా మార్చి, ఒకేమారు 14,000 మందిని తీసికొనిపోవచ్చునని వారి ఆలోచన. 1952 జూలైలో మొదటి ప్రయాణముననే అది అట్లాంటిక్ సముద్రమును 3 దినముల 10 గంటల 40 నిమిషములలో దాటి, అంతకుముందు ఇంగ్లండువారి ‘క్వీన్ మేరీ’ ఓడకుండిన కీర్తిని పది గంటల తేడాతో గెలుచుకొనెను.

దీనిని రూపించినవాడు విలియం ఫ్రాన్సిస్ గిబ్స్. చదివినది న్యాయశాస్త్రము, మనసంతయు ఓడలమీద. ఆయనకు నిప్పన్న ఎంతో భయము. ఆ భయమునకు కారణము లేకపోలేదు. 1934లో ‘మారో కాజిల్’ అను ఓడ నడిసముద్రమున అంటుకొని అనేకులు చనిపోయిరి. 1942లో ఫ్రాన్సువారి అందమైన ‘నార్మండీ’ న్యూయార్కు రేవులోనే కాలి ఒరిగిపోయెను. కనుక గిబ్స్ తన ఓడలో కట్టె అనునది లేకుండ చేయ సంకల్పించెను. కుర్చీలు, బల్లలు, పడవలు, తెడ్లు సైతము లోహముతోనో కాలని వస్తువులతోనో చేయించెను. వంటశాలలో మాంసము కొట్టు మొద్దును, పియానోను తప్ప మరి కట్టె లేదని చెప్పుకొందురు. పైభాగమంతయు అల్యూమినియముతో కట్టిరి. అందువలన బరువు తగ్గి వేగము హెచ్చెను. 1967లో ఆయన చనిపోవువరకు ఆ ఓడను కన్నబిడ్డవలె చూచుకొనెను. అది కాలలేదు, మునగలేదు. దాని ప్రాణమునకు వచ్చిన శత్రువులు వేరు.

మొదటి శత్రువు విమానము. 1958 నుండి జెట్ విమానములు అట్లాంటిక్‌ను కొన్ని గంటలలో దాటసాగెను. మూడున్నర దినముల వేగమును మెచ్చుకొనువారు తగ్గిరి. 1969లో ఓడను నిలిపివేసిరి. ఆ తరువాతి చరిత్ర చెప్పుటకు సంతోషముగా లేదు గనుక క్లుప్తముగా ముగించెదను. చేతులు మారెను, 1984లో లోపలి సామానంతయు వేలము వేసిరి, 1992లో టర్కీకి, అక్కడనుండి యుక్రెయిను దేశమందలి సెవస్తోపోల్‌కు లాగుకొనిపోయి, గోడలలోని ఆస్బెస్టాసును తీసివేసిరి, 1996లో ఫిలడెల్ఫియా నగరమునకు తెచ్చి డెలవేర్ నది ఒడ్డున కట్టివేసిరి. అప్పటికి అది రంగు పెచ్చులూడిన ఉత్త డొల్ల.

ఆ డొల్లను ప్రేమించినవారుండిరి. పూర్వము దానిలో పనిచేసినవారు, చిన్ననాట తలిదండ్రులతో దానిపై సముద్రము దాటినవారు, ఓడలన్న ఆసక్తిగలవారు కలిసి ఒక సంఘముగా ఏర్పడిరి. గిబ్స్ గారి మనుమరాలు సూసన్ గిబ్స్ ఆ సంఘమునకు నాయకురాలాయెను. 2010లో ఓడ పాత ఇనుముక్రింద పోవు దినము దగ్గరపడినప్పుడు ఫిలడెల్ఫియాకు చెందిన దాత లెన్‌ఫెస్ట్ గారు 58 లక్షల డాలర్ల వరకు ఇచ్చెదనని మాట ఇచ్చిరి. ఆ సహాయముతో 2011 ఫిబ్రవరిలో సంఘమువారు 30 లక్షల డాలర్లకు ఓడను కొనిరి. మిగిలినది కొన్ని నెలల పోషణకు.

ఇక్కడివరకు కథ చెప్పుచుండగా మా వీధిలోని ఒక ముసలమ్మ నన్ను ఆపి, “నాయనా, అది ఎక్కడికీ పోదంటివి గదా. కదలని బండికి మేత ఎందుకు?” అని అడిగినది. చదువురాని మనిషి గాని, అడిగిన ప్రశ్న సరిగా గాయముమీదనే పడినది. కదలని ఓడకే మేత ఎక్కువ! రేవులో చోటు మరియొకరిది. 2011 నాటి ఒప్పందము ప్రకారము దినమునకు 850 డాలర్ల అద్దె. నెలకు ఇరువదియైదువేల పైచిలుకు ఆ అద్దెకే పోవును. కావలివారికి జీతములు, భీమా, చిల్లర మరమ్మతులు వేరు. మొత్తము నెలకు సుమారు 60,000 డాలర్లు. అనగా దినమునకు రెండువేలు. తెల్లవారినంత మాత్రమున రెండువేలు పోయినట్లే. ఆ డబ్బుతో ఒక రేకు క్రొత్తదగుట లేదు, ఒక గదికి రంగు పడుట లేదు. ఓడ నిన్న ఎట్లున్నదో నేడును అట్లే యుండును, అంతే ఫలము.

దీనిని జనులకెట్లు చెప్పవలెను? “మీరు ఇచ్చినచో ఏమియు మారదు, ఇయ్యనిచో పోవును” అని అడుగుట ఎంత కష్టమో ఆలోచించుడి. సంఘమువారు ఒక ఉపాయము చేసిరి. ఓడను చదరపు అంగుళములుగా లెక్కకట్టి, అంగుళమునకు ఒక డాలరు చొప్పున ఎవరైనను తమ వంతు తీసికొనవచ్చునని ప్రకటించిరి. అన్నము వండుటకు ముందు పిడికెడు బియ్యము తీసి వేరే కుండలో పోయు మన తల్లులకు ఈ పద్ధతి వెంటనే బోధపడును. చిన్నవాడును ఇయ్యవచ్చును, ఇచ్చినదానికి ఒక ఆకారము కలదు. కాని నేను కాగితముమీద లెక్క వేసి చూచితిని. దినమునకు రెండువేల డాలర్లనిన రెండువేల అంగుళములు. అది పదునాలుగు చదరపుటడుగులు, ఇంచుమించు ఒక నులకమంచము పరపు. ప్రతి దినము ఎక్కడనో ఎవరో కలిసి ఒక మంచమంత ఓడను తీసికొనవలెను. మరునాడు మరియొక మంచము. ఒక్క దినము తప్పినను అప్పు మిగులును.

2015 అక్టోబరులో చేతిలోని డబ్బు అయిపోవచ్చెను. ఓడను ఇనుముక్రింద అమ్ముటకు దళారిని మాటలాడుకొనుచున్నామని సంఘమువారు దాచక ప్రకటించిరి. ఆ ప్రకటన విన్నవారు కదలిరి. కొన్ని వారములలో 6 లక్షల డాలర్లకు పైగా వచ్చెను. చూచితిరా, ఎంత ప్రేమ! అయితే 6 లక్షలనగా పది నెలల మేత. అంతటి ప్రేమయు పది నెలలలో కరగిపోవును. ఈ లెక్క చేసిన రాత్రి నేను చాలసేపు ఊరకే కూర్చుంటిని.

నడుమ పెద్ద కంపెనీలు రాకపోలేదు. 2016లో ఒక ఓడల కంపెనీ దీనిని బాగుచేసి మరల సముద్రముమీద నడిపెదమని ముందుకు వచ్చి, కొన్ని నెలలు పరీక్షించి, సాధ్యము కాదని ఆగస్టులో విరమించుకొనెను. పోవుచు మూడున్నర లక్షల డాలర్లు కానుకగా ఇచ్చి పోయెను. అది మర్యాద. తరువాత భవనములు కట్టు మరియొక కంపెనీ ఓడను హోటలుగా మార్చుటకు పటములు గీయించెను. ఇట్టి పటములు వెలువడినప్పుడు చిన్న దాతలు “ఇక పెద్దవారు చూచుకొందురు” అని చేయి ముడుచుకొనుట సహజము. నా అభిప్రాయమడిగినచో, ఆ ఓడను అన్నియేండ్లు నీటిమీద నిలిపినవి పటములు కావు, ఒక గొప్ప దాత చేతితోపాటు ఈ ఒక్కొక్క డాలరును.

మీలో ఒకరు లేచి, “ఆకలిగొన్నవారుండగా తుప్పుపట్టిన ఓడకా ఇంత ధనము?” అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. నేను దానిని త్రోసివేయను. నా చేతిలో ఒకే డాలరుండి, గుమ్మము ముందు ఆకలిగొన్న బిడ్డ నిలిచినచో అది బిడ్డకే చెందును. అయినను ఇచ్చినవారు తమ సొంత సొమ్ము ఇచ్చిరి, ఎవరి నోటి కూడును లాగి ఇయ్యలేదు. మనిషి చేతి పనిలో శ్రేష్ఠమైనదానిని బిడ్డలకు చూపవలెనను కోరిక తప్పు కాదు. తాత నాటిన చింతచెట్టు కాయుట మానినను కొట్టివేయుటకు మనకు చేయి రాదు గదా. నాకు తోచిన లోపము వేరు. వారికి ఓడ దొరికెను గాని, దానిని నిలుపుకొను సొంత రేవు దొరకలేదు. ‘క్వీన్ మేరీ’ని చూడుడి. 1967లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి లాంగ్ బీచ్ నగరమే దానిని 34 లక్షల 50 వేల డాలర్లకు కొని తన ఒడ్డున నిలిపెను. ఆ నగరమునకును మరమ్మతుల తలనొప్పులు తక్కువ కాలేదు. 2020 నుండి 2023 వరకు జనులను లోనికి రానీయక మూసియుంచవలసి వచ్చెను. అయినను లేచిపొమ్మని చెప్పుటకు నడుమ మరియొక యజమాని లేడు. ఇల్లు గల ముసలివానికిని, అద్దె యింటి ముసలివానికిని గల భేదమిది.

2021లో రేవు యజమానులు అద్దెను 850 నుండి 1,700కు పెంచిరి. సంఘమువారు ఇయ్యమనిరి. వ్యాజ్యము న్యాయస్థానమున చాలకాలము నడిచెను. 2024 జూనులో తీర్పు వచ్చెను: అద్దె రెట్టింపు చేయుట చెల్లదు, అయినను సెప్టెంబరు 12లోగా ఓడ ఆ చోటు విడువవలెను. గెలిచిరా, ఓడిరా? వారికి మిగిలినది తొంబది దినములు. 990 అడుగుల ఓడకు చోటిచ్చు రేవు కొరకు ఎందరినో అడిగిరి, దొరకలేదు. ఆ అక్టోబరులో ఫ్లోరిడా రాష్ట్రమందలి ఒకలూసా కౌంటీవారు పది లక్షల డాలర్లకు ఓడను తీసికొనుటకు ఒప్పుకొనిరి. శుభ్రముచేసి తమ తీరమునకు దూరముగా సముద్రములో ముంచి, చేపలు చేరు దిబ్బగా, ఈతగాండ్రు దిగి చూచు చోటుగా చేయవలెనని వారి ఉద్దేశము. 2006లో పెన్సకోలా దగ్గర ఒక యుద్ధనౌకను అట్లే ముంచియుండిరి. ఇనుముక్రింద ముక్కలగుటకన్న ఇది మేలని కొందరు, ఇదియు చంపుటయే అని కొందరు. సూసన్ గిబ్స్ గారు సంతకము పెట్టిన దినమున ఆమె మనస్సెట్లున్నదో మనము ఊహించుకొనవలసినదే.

2025 ఫిబ్రవరి 19న నదిలో నీరు తగ్గు వేళ చూచుకొని, వాల్ట్ విట్మన్ వంతెన క్రిందుగా ఓడను బయటికి లాగిరి. పోటు వేళ అయినచో వంతెన తగులును. చలిలో జనులు ఒడ్డున నిలిచి చూచిరి. వారిలో అంగుళములు కొన్నవారును ఉండియుందురు. మార్చి 3న అది అలబామా రాష్ట్రమందలి మొబైల్ రేవు చేరెను. శుభ్రముచేయు పని అక్కడనే. ఎరుపు, తెలుపు, నీలము రంగులు వేసిన దాని పొగగొట్టములను మాత్రము మునుగనీయక, ఫ్లోరిడా తీరమున కట్టదలచిన ప్రదర్శనశాలకు ఉంచవలెనని ఒప్పందములో వ్రాసికొనిరి. ఆ ప్రదర్శనశాల కొరకు సంఘమువారు మరల చందా పుస్తకము తెరచిరి.